ఆటోక్యాడ్‌లో ఎన్ని గంటలు పనిచేశాం? ఎవరి లెక్క నమ్మాలి?

మా రామసముద్రంలో చిన్నాన్న కొడుకు ఒకడు ఇంట్లోనే కూర్చుని బెంగళూరు ఆఫీసు ఒకదానికి ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. గంటకు ఇంత అని రేటు. పోయిన నెల ఒక ప్లాన్‌కు 31 గంటలని బిల్లు పంపాడు. ఆఫీసు వాళ్లు ఫైల్ తెరిచి చూసి, "మాకు 19 గంటలే కనిపిస్తోంది" అన్నారు. వాడు నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట: "నేను దొంగ లెక్క రాయలేదు నా."

నేనేమో సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఆటోక్యాడ్‌ను బీటెక్ ల్యాబ్‌లో ముట్టుకున్నదే. అయినా ఆ 19 ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దామని కూర్చున్నా.

అది టైమ్ అనే కమాండ్ నుంచి వచ్చింది. కమాండ్ లైన్‌లో టైప్ చేస్తే డ్రాయింగ్ ఎప్పుడు పుట్టింది, చివరిగా ఎప్పుడు సేవ్ అయింది, మొత్తం ఎడిటింగ్ టైమ్ ఎంత అన్నీ చూపిస్తుంది. ఈ మొత్తం ఫైల్‌లోనే టీడీఇన్‌డీడబ్ల్యూజీ అనే వేరియబుల్‌లో ఉంటుంది, అదీ రోజుల్లో. 24తో గుణిస్తే గంటలొస్తాయి. పక్కనే ఇంకో టైమర్ ఉంటుంది కానీ దాన్ని మనమే ఆపొచ్చు, సున్నా చేయొచ్చు. కాబట్టి అది మన సౌకర్యానికే తప్ప సాక్ష్యానికి పనికిరాదు.

చిక్కంతా ఆ మొత్తం టైమ్‌తోనే. అది లెక్కపెట్టేది ఫైల్ తెరిచి ఉన్న సమయాన్ని, మన పనిని కాదు. భోజనానికి వెళ్లి గంటన్నర తర్వాత వచ్చినా అదీ కలుస్తుంది. సేవ్ చేయకుండా మూసేస్తే మాత్రం ఆ సెషన్‌లో చివరి సేవ్ తర్వాత చేసినదంతా పోతుంది. మావాడికి యూపీఎస్ లేదు. కరెంటు పోయినప్పుడల్లా పని పోయింది, దాంతోపాటు దాని టైమూ పోయింది. పాత డ్రాయింగ్‌ను సేవ్ యాజ్ కొట్టి కొత్త పని మొదలుపెడితే పాత గంటలు కూడా వెంట వస్తాయి. అంటే ఈ అంకె తక్కువా చూపించగలదు, ఎక్కువా చూపించగలదు.

మావాడి కేసులో అసలు దెబ్బ వేరే. మొదటి డ్రాఫ్ట్ తన సొంత ఫైల్‌లో గీసి, తర్వాత అంతా కాపీ చేసి ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఫైల్‌లో పేస్ట్ చేశాడు. గీతలు వెళ్లాయి, గంటలు వెళ్లలేదు. ఆ పాత ఫైల్ తెరిచి టైమ్ కొడితే 7 గంటల 40 నిమిషాలు బయటపడ్డాయి. మొత్తం 26 గంటల 40 నిమిషాలు. ఇంకా నాలుగు గంటల చిల్లర మిగిలింది. ఫోన్లో కొలతలు రాసుకోవడం, కరెంటు పోయాక మళ్లీ గీయడం అందులోనే ఉండాలి. ఆధారం మాత్రం లేదు. "31 ఎట్లా లెక్కేశావ్ రా?" అనడిగితే, పొద్దున ఎప్పుడు కూర్చున్నాడో, సాయంత్రం ఎప్పుడు లేచాడో గుర్తుపెట్టుకుని వేశాడంట. నిజం చెప్పాలంటే అందులోనూ భోజనం ఉంది.

అందుకే వాడికి ఒక చిన్న యాడ్-ఆన్ రాసిచ్చా. ఆటోలిస్ప్‌లో కమాండ్ రియాక్టర్ అని ఒకటుంది. ఏ కమాండ్ పూర్తయినా మన ఫంక్షన్‌ను పిలుస్తుంది. నా ఫంక్షన్ చేసేదల్లా డ్రాయింగ్ పేరు, తేదీ, టైమ్ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఒక లైన్‌గా రాసి వెంటనే ఆ ఫైల్ మూసేయడమే. కరెంటు పోయినా అప్పటిదాకా రాసిన లైన్లు ఉంటాయి. రెండు లైన్ల మధ్య 5 నిమిషాలు దాటితే ఆ ఖాళీని పనిగా లెక్కించదు. దీన్ని ఏక్యాడ్‌డాక్ అనే లిస్ప్ ఫైల్‌లో పెట్టి సపోర్ట్ ఫోల్డర్‌లో వేస్తే ప్రతి డ్రాయింగ్‌తో దానంతటదే లోడ్ అవుతుంది. మీది ఆటోక్యాడ్ ఎల్‌టీ అయితే 2024 వెర్షన్‌కు ముందు ఆటోలిస్ప్ లేదు, కాబట్టి ఈ దారి మూసుకున్నట్టే.

దీనికీ లోపం ఉంది. మెట్లు ఎక్కడ పెట్టాలా అని పది నిమిషాలు స్క్రీన్ చూస్తూ ఆలోచిస్తే అది ఖాళీ కిందే పోతుంది. డిజైన్‌లో ఆలోచనే కదా సగం పని! అందుకే తోడుగా యాక్టివిటీవాచ్ కూడా పెట్టించా. ఉచితం, ఓపెన్ సోర్స్, డేటా మన సిస్టమ్‌లోనే ఉంటుంది. ఏ విండో ముందుందో, దాని టైటిల్ ఏంటో రాసుకుంటుంది. ఆటోక్యాడ్ టైటిల్‌లో ఫైల్ పేరు ఉంటుంది కాబట్టి ప్రాజెక్టుల వారీగా విడదీయొచ్చు. పీడీఎఫ్ చూసిన టైమూ దొరుకుతుంది. ఫ్రీక్యాడ్ వాడేవాళ్లకైతే నా సలహా నేరుగా ఇదే. స్క్రీన్‌షాట్లు తీసి ఆఫీసుకు పంపే ట్రాకర్ల జోలికి మాత్రం నేను పోను, మావాణ్ని పోనివ్వను.

రెండు ఫైళ్ల టైమ్ స్క్రీన్‌షాట్లు పంపాక ఆఫీసు వాళ్లు 26 గంటలకు ఒప్పుకుని డబ్బులు వేశారు. మిగతాది వదులుకున్నాడు. ఈ నెల బిల్లుతోపాటు లాగ్ ఫైల్ కూడా పంపుతున్నాడు, 5 నిమిషాల రూల్ ఏంటో పైన ఒక లైన్ రాసి మరీ.