విండో మూసుకునే ముందు ప్రోగ్రాము ఆగాలంటే...

తమ్ముళ్ళూ, మేము ముగ్గురం ఈ హాస్టల్లో చదివి వెళ్ళినవాళ్ళమే. మా ఇళ్ళలో డిగ్రీ పూర్తిచేసింది మేమే మొదలు. ఎం.సి.ఏ. చివరి ఏడాది ప్రాజెక్టుగా మెస్ స్టాకు రిజిస్టరును సి షార్ప్‌లో, విండోస్ ఫారమ్స్ ప్రోగ్రాముగా రాసి ఒక హాస్టల్‌కు ఇచ్చాము. అందులో మేము చేసిన తప్పు మీలో కంప్యూటర్ కోర్సు తీసుకున్నవాళ్ళకు పాఠంగా చెబుతున్నాము.

ఒక నెలాఖరున లెక్క చూస్తే, కంప్యూటరు చూపించిన దానికన్నా స్టోర్ రూములో బియ్యం 12 కిలోలు తక్కువ ఉన్నాయి. అందరి చూపూ వంట పెద్దాయన మీద పడింది. "కంప్యూటరు అబద్ధం చెప్తుందా?" అన్నారు. మా నాన్నల్లాగే చదువు రాని మనిషి, ఏం జవాబు చెప్తాడు? మాకు నిద్ర పట్టలేదు. చేతిరాత చీటీలన్నీ తెచ్చి పోల్చితే, ఒక సాయంత్రం వంటకిచ్చిన 12 కిలోల నమోదు కంప్యూటర్లో లేదు. తప్పు మాదేనని అందరి ముందూ పెద్దాయనకు చెప్పాము.

జరిగిందిది. విండో మూసేటప్పుడు సేవ్ అయ్యేలా రాశాము. కానీ సేవ్ పూర్తయ్యేదాకా విండో ఆగలేదు.

డెస్క్‌టాప్ ప్రోగ్రాములో సాధారణంగా స్క్రీనును చూసుకునేది ఒక్క థ్రెడ్. మెస్‌లో వడ్డించే మనిషి ఒక్కడే ఉండి, అతనూ నీళ్ళకు వెళ్తే లైనంతా ఆగుతుంది కదా, అలాగే ఆ థ్రెడ్ డేటాబేసు కోసం నిలబడితే విండో బిగుసుకుపోతుంది. అందుకే ఎసింక్, అవైట్ వాడతాము. 2012లో సి షార్ప్ 5తో వచ్చాయివి. పని ఇంకా కాకపోతే హ్యాండ్లర్ అవైట్ దగ్గరే వెనక్కి వచ్చేస్తుంది, మిగతా భాగం తర్వాత నడుస్తుంది.

మెలిక ఇక్కడే ఉంది. పిండిమరలో గోధుమలిస్తే చీటీ ఇస్తారు. అది పట్టుకుని కూర్చుంటే మన పిండి ఎప్పుడైందో తెలుస్తుంది. టాస్క్ అనేది అలాంటి చీటీ. ఈవెంట్ హ్యాండ్లరు వాయిడ్, అంటే చీటీ ఇవ్వదు. హ్యాండ్లర్ వెనక్కి రాగానే పని అయిపోయిందనుకుని ఫారమ్ మూసుకుంటుంది. అది ప్రధాన విండో అయితే ప్రోగ్రామే ముగుస్తుంది, సగంలో ఉన్న సేవ్ కూడా పోవచ్చు. సేవ్ త్వరగా అయిన రోజున ఏ తేడా కనిపించదు. మేము పరీక్షించినప్పుడు అన్నీ అలాంటి రోజులే!

మొదట అతితెలివికి పోయి సేవ్ పక్కన వెయిట్ పెట్టాము. ప్రోగ్రాము కదలనే లేదు. స్క్రీన్ థ్రెడ్ సేవ్ కోసం కూర్చుంది. సేవ్‌లో మిగిలిన భాగమేమో అదే థ్రెడ్ ఖాళీ కావాలని కూర్చుంది. దీన్నే డెడ్‌లాక్ అంటారు.

సరైన దారి ఏమిటంటే, ఫారమ్ క్లోజింగ్ హ్యాండ్లర్లో మొదటి అవైట్ కంటే ముందే క్యాన్సిల్‌ను ట్రూ చేయాలి. అవైట్ తర్వాత చేస్తే లాభం లేదు, ఫారమ్ అప్పటికే దాన్ని చూసేసి ఉంటుంది. ఆపైన బటన్లు పనిచేయకుండా చేసి, సేవ్‌ను అవైట్ చేయాలి. అది అయ్యాక ఒక బూలియన్ గుర్తు పెట్టుకుని మనమే క్లోజ్‌ను పిలవాలి. హ్యాండ్లర్ మళ్ళీ వస్తుంది, ఈసారి గుర్తు చూసి మూసుకోనివ్వాలి. సేవ్ నడుస్తుండగా ఎవరైనా మళ్ళీ మూయబోతే రెండో సేవ్ మొదలుకాకుండా ఇంకో గుర్తు కావాలి. ట్రై, క్యాచ్ కూడా హ్యాండ్లర్ లోపలే ఉండాలి. చీటీ లేదు కాబట్టి అవైట్ తర్వాత వచ్చిన తప్పు బయట రాసిన క్యాచ్‌కు దొరకదు. సేవ్ కాకపోతే ఆ సంగతి చెప్పి విండోను తెరిచే ఉంచాలి.

మన సొంత ఈవెంట్లకైతే టాస్క్ తిరిగిచ్చే డెలిగేట్ పెట్టుకోవచ్చు. కానీ హ్యాండ్లర్లు నాలుగుంటే చివరి దాని టాస్కే చేతికొస్తుంది. గెట్ ఇన్వొకేషన్ లిస్ట్‌తో ఒక్కొక్కదాన్నీ పిలిచి, అన్నిటికోసం టాస్క్ వెన్ ఆల్‌తో ఆగాలి.

కరెంటు పోతే మాత్రం ఫారమ్ క్లోజింగ్ అసలు రాదు. అందుకని ఇప్పుడు ఏ నమోదుకానమోదు నొక్కగానే సేవ్ అయ్యేలా మార్చాము. వంటింట్లో చీటీలు రాయడం కూడా మానవద్దని చెప్పి వచ్చాము.