హీటర్ పైపు కారుతోందని రాశావు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఇంజన్ వెనక, డాష్‌బోర్డు గోడలోకి వెళ్లే రెండు హీటర్ పైపుల్లో కింది దాని క్లిప్పు దగ్గర కూలెంట్ కారి, ఎండి, పచ్చటి పెచ్చు కట్టింది. అక్కడి మెకానిక్కు ఆ రెండు పైపులూ పీకి ఒకదానికొకటి కలిపేసి బైపాస్ కొట్టేద్దామన్నాడనీ, "మన దగ్గర హీటర్ ఎవరు వేస్తారు మామయ్యా" అనీ రాశావు. ఒప్పుకోకురా. దారిలో ఉన్నపళంగా ఇల్లు చేరడానికైతే బైపాస్ పనికొస్తుంది. దాన్నే శాశ్వతం చేసుకోకూడదు.

నువ్వు తిప్పేది నర్సీపట్నం నుంచి లంబసింగి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారకముందే ఘాట్ ఎక్కుతావు. బయట మంచు, లోపల బండి నిండా జనం, వాళ్ల ఊపిరికి అద్దమంతా ఆవిరి. ఏసీ గాలికి ఆ ఆవిరి పోతుంది గానీ, దానికి వేడి కూడా తోడైతేనే అద్దం త్వరగా తేటపడేది. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని అద్దం తుడుచుకుంటూ మలుపులు తిప్పే డ్రైవర్లని చూస్తే నాకు గుండె దడ. నువ్వు అలా నడపకూడదు.

ఇంకో సంగతి. హీటర్ వెయ్యకపోతే ఆ పైపుల్లో ఏమీ ఉండదనుకుంటున్నావేమో. చాలా బండ్లలో ఇంజన్ తిరిగినంతసేపూ వేడి కూలెంట్ హీటర్ కోర్ గుండా పోతూనే ఉంటుంది. నువ్వు తిప్పే నాబ్ లోపలి రేకు తలుపుని మాత్రమే కదిలిస్తుంది. కాబట్టి అక్కడ కారేది ఇంజన్ని చల్లబరచాల్సిన కూలెంటే. చుక్కలుగా పోయినా ఘాట్‌లో రెండో గేరులో గుంజుతున్నప్పుడు తేడా తెలుస్తుంది. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ గాలిలో తేలి, టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉన్నట్టు చూపించవచ్చు. ముల్లుని నమ్ముకుంటే హెడ్ గాస్కెట్ పోయాక గానీ తెలియదు.

ముందు కారేది ఎక్కడో రూఢి చేసుకో. రాత్రి చల్లారిన బండి మీద, పొద్దున్నే చూడు. వేడి మీద రేడియేటర్ మూత జోలికి వెళ్లకు. లోపల దాదాపు 1 బార్ ప్రెషర్ ఉంటుంది. ఆ ప్రెషర్‌లో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు, మూత తియ్యగానే ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి. జాయింటుని పొడిగా తుడిచి టిష్యూ పేపర్ చుట్టి, ఇంజన్ కాసేపు తిప్పు. ఫ్యాను, బెల్టులకి చెయ్యి దూరంగా పెట్టు. పేపర్ తడిస్తే జాయింటే. ఎడమ సీటు ముందు, కాళ్ల దగ్గరి మ్యాట్ కూడా ఎత్తి చూడు. అక్కడి తడి ఏసీ నీరైతే రంగూ జిగటా ఉండవు. జిగటగా ఉండి, బండిలో తియ్యటి వాసన వేస్తుంటే హీటర్ కోరే పోయిందన్నమాట. అది డాష్‌బోర్డు విప్పాల్సిన పెద్ద పని, నా దగ్గరికి పట్టుకురా.

జాయింటే అయితే, క్లిప్పు గట్టిగా బిగిస్తే ఆగిపోతుందని మాత్రం అనుకోకు. ఎక్కువసార్లు తప్పు క్లిప్పుది కాదు, దాని కింద దాక్కున్నదాన్ది. స్క్రూ క్లిప్పు బలం కొద్దీ బిగిస్తే పట్టీ కన్నాల్లోంచి రబ్బరు ఉబుకుతుంది. అంటే లోపల తెగుతోందని. పైగా హీటర్ కోర్ నుంచి వచ్చే గొట్టం పల్చటి అల్యూమినియం, నొక్కుకుపోతుంది.

కొంచెం కూలెంట్ దించి, క్లిప్పు వదులు చేసి పైపు ఊడదియ్యి. అతుక్కుపోయి ఉంటే కటింగ్ ప్లేయర్‌తో మెలిపెట్టకు, కోర్ అతుకు ఊడుతుంది. బ్లేడుతో రబ్బరుని పొడుగునా పైపైన చీల్చి ఒలిచేయ్, బ్లేడు లోహానికి తగలనివ్వకు. అప్పుడు చూడు అసలు రంగు. రబ్బరు చివర గోరు దిగనంత గట్టిపడి, క్లిప్పు పళ్ల అచ్చులు పడి ఉంటుంది. గొట్టం మీద తెల్లటి చిలుము, దాన్ని గీకితే ఆవగింజంత గుంటలు. కారుడు ఆ గుంటల వెంబడే. సన్న ఎమెరీ పేపర్‌తో గొట్టం చుట్టూ తిప్పుతూ రుద్దు. పొడుగునా రుద్దితే ఆ గీతల వెంటే మళ్లీ కారుతుంది. గుంటలు లోతుగా ఉంటే ఏ గమ్మూ ఆపదు, గొట్టం మార్చాల్సిందే.

పైపు ముక్క కోసి మళ్లీ ఎక్కించడం పొడుగు సరిపోతే, మిగతా రబ్బరు మెత్తగా ఉంటేనే. నా మాట వింటే రెండూ కొత్తవి వేసేయ్, వయసు రెండింటిదీ ఒకటే కదా. పాత ముక్క షాపుకి పట్టుకెళ్లు. 16 మిల్లీమీటర్లదీ 19దీ కంటికి ఒకేలా ఉంటాయి. ఎక్కించేటప్పుడు నూనె, గ్రీజు రాయకు, ఆ రబ్బరు వాటికి ఉబ్బి పాడవుతుంది. కూలెంట్‌తో తడిపితే చాలు. అంగుళం దాకా లోపలికి పోవాలి. గొట్టం చివర ఉబ్బెత్తు గట్టు ఉంటుంది, క్లిప్పు దాన్ని దాటి లోపలివైపు కూర్చోవాలి. గట్టు మీద బిగించడం నేను రోజూ చూసే తప్పు. కంపెనీ స్ప్రింగ్ క్లిప్పు బాగుంటే అదే వాడు. రబ్బరు కాలక్రమేణా నలిగినా అది పట్టు వదలదు.

ఆ తెల్ల చిలుము ఎక్కడిదో తెలుసా? బోరు నీళ్లది. కూలెంట్ తగ్గినప్పుడల్లా అదే పోశావు కదూ. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పొయ్యి. చలి ఎరగని ఊళ్లో కూడా కూలెంట్ కావాలిరా, తుప్పు పట్టనివ్వదు. రెడీ మిక్స్ కొంటే నీళ్లు కలపకు. పాతది నేల మీద ఒంపకు, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. అది విషం. పిల్లలకి అందకుండా డబ్బాలో పెట్టు.

నింపేటప్పుడు హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పు. బండి ముందు భాగం కాస్త ఎత్తు మీద ఉంటే మంచిది. గాలి చిక్కుకుంటే హీటర్ చల్లగాలే కొడుతుంది. మూత తీసి చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి, పైపులు నొక్కుతూ బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండు, వేడెక్కకముందే మూత బిగించు. చల్లారాక లెవెల్ మళ్లీ చూడు.

చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కాక ఆగిపోయే కారుడు ఒకటుంది. అందుకని మొదటి ట్రిప్పు లంబసింగిలో రాత్రి ఆపినప్పుడు, పొద్దున్న స్టార్ట్ చేసే ముందు ఆ జాయింటు మీద టార్చి వేసి చూడు. తడి ఉంటే ఫోన్ చెయ్యి, ఎంత పొద్దున్నైనా ఎత్తుతాను.

అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య
గాజువాక ఆటోనగర్