అరేబియా సముద్రపు పంటకాలాలు
ముంబయి తీరాన్ని తాకే అరేబియా సముద్రానికీ పొలానికి వలె పంటకాలాలు ఉన్నాయి. అక్కడి పైరు కంటికి కానరాని వృక్ష ప్లవకాలు. మన పళ్లెంలోని చేపకు మూలాహారం అవే.

నైరుతి రుతుపవనాల వేళ కేరళ, ఒమన్ తీరాల వద్ద లోతులలోని చల్లని నీరు నైట్రేట్లను మోసుకొని పైకి వస్తుంది. గాజువంటి కవచం గల డయాటమ్‌లు అప్పుడు విరివిగా పెరుగుతాయి. శీతకాలంలో, ఉత్తర భాగాన, పొడిగాలులకు చల్లబడి బరువెక్కిన పైనీరు కిందికి దిగుతుంది. అడుగునున్న పోషకాలు పైకి చేరుతాయి. అది రెండవ పంట. వేసవి వెచ్చని, నిశ్చలమైన నీటిలో పోషకాలు తరిగిపోగా, గాలి నుండి నీటిలో కరిగిన నత్రజనిని వాడుకోగల ట్రైకోడెస్మియం రంపపుపొట్టు వలె తేలుతుంది. దానిని నూనె తెట్టు అనుకోవడం కద్దు.

ఇటీవలి దశాబ్దాలలో శీతకాలపు పంటలో డయాటమ్‌ల చోటును నాక్టిల్యూకా ఆక్రమిస్తున్నది. రాత్రివేళ తీరపు అలలపై కనిపించే నీలి మెరుపు తరచు ఈ జీవిదే. చూడ ముచ్చటే, కాని ఇది డయాటమ్‌లను మ్రింగుతుంది, దీనిని తినేవి ఎక్కువగా జెల్లీచేపల వంటి జీవులు.