ముసాయిదాగా ఉన్నప్పుడే

పద్మనాభం



మనవరాలా, చదువుల చట్టాలు చేసేటప్పుడు మనబోటి వాళ్ల మాట ఎవరు వింటారని అడిగావు. వింటారమ్మా. కాకపోతే ఎప్పుడు చెప్పామన్నది చూసుకోవాలి.

2019 మే 31న కస్తూరిరంగన్ కమిటీ రాసిన విద్యా విధానం ముసాయిదా బయటికొచ్చింది. అందులో హిందీ నేర్పాలన్న వాక్యం చూసి తమిళనాడు భగ్గుమంది. జూన్ 3కల్లా ఆ వాక్యం మారిపోయింది. అదే ఏడాది నవంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మీద ముందు జీవో ఇచ్చేసింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేశాక గానీ తల్లిదండ్రుల దగ్గరికి ఆప్షన్ ఫారాలు రాలేదు. 96 శాతం పైగా ఇంగ్లీషే కోరారన్నారు. కోరే ఉంటారు, కూలికెళ్లే తల్లి కూడా బిడ్డకి ఇంగ్లీషు రావాలనే అంటుంది. కానీ టీచర్లకి శిక్షణ ఎప్పుడిస్తారు, ఇప్పటిదాకా తెలుగులో చదివిన పిల్ల ఏమైపోవాలి అనే మాటలు టిక్కులో పట్టవు.

2022లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి తరలించబోతే చాలా ఊళ్లలో తల్లిదండ్రులు అడ్డుకున్నారు. చివరికి 2025లో ఆ జీవోని రద్దు చేశారు. ఈలోగా మూడో తరగతి పిల్లకి ఐదు కూడా అయిపోయింది!

చట్టం మనకిచ్చిన చోటు ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఈ కమిటీయే. జరిగేదేమిటంటే, మీటింగు రోజు రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించిన చోట అమ్మలు సంతకం చేసి పొలానికి పోతారు. పైన రాసింది చదివి వినిపించేవాళ్లుండరు. ఆ పని నువ్వు చెయ్యి.

కేంద్రం చట్టం తెచ్చేముందు ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందుంచాలని 2014లోనే నిర్ణయించుకుంది. అలాంటిది వచ్చినప్పుడు "మేం వ్యతిరేకిస్తున్నాం" అని ఊరుకోకు. ఫలానా సెక్షన్, ఫలానా మాట తీసేసి ఇది పెట్టండి అని రాయి. కారణం మన ఊరిదే చూపించు: బడి ఎన్ని మీటర్ల దూరం, వానాకాలం గోస్తనీ నది పొంగితే పిల్లలు ఏ దారిన వెళ్లాలి. కమిటీ చేత తీర్మానం చేయించి, నంబరు వేయించు. ముసాయిదాలో చెప్పిన చిరునామాకి పంపి, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో కూడా ఇచ్చాక రెండో కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం రాకు.