‘నెట్ స్లో’ అంటే సరిపోదు, ఎక్కడ స్లోనో చెప్పాలి

రాత్రి పదకొండు దాటినా హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లో హాస్టల్ గదుల లైట్లు ఆరవు. గ్రూప్స్‌కు చదువుతూనే, నోటిఫికేషన్ వచ్చేలోపు చిన్న ఉద్యోగమైనా చూసుకుందామని లైనక్స్ నేర్చుకుంటున్న బీటెక్ పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. మొన్న అలాంటి ఒక తమ్ముడి గదికి వెళ్లాను. ఉబుంటు దింపుకుంటున్నాడు. ఫైలు దాదాపు 6 జీబీ, వేగం సెకనుకు 280 కేబీ. అలాగే సాగితే ఆరు గంటలు పడుతుంది.

“అన్నా, 100 ఎంబీపీఎస్ అన్నారు. అంతా మోసం” అన్నాడు.

స్పీడ్ టెస్ట్ పెట్టమంటే 80 చూపించింది. ఇక హాస్టల్‌వాళ్లను తిట్టి లాభం లేదు.

నెట్‌వర్క్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లను ఇంటర్వ్యూలో ఏదో ఒక రూపంలో అడిగేది ఇదే: డౌన్‌లోడ్ నెమ్మదిగా ఉంది, ఏం చేస్తావ్? “రౌటర్ ఆపి ఆన్ చేస్తా” అనే జవాబు అందరూ చెప్పేదే. “ముందు ఏ ముక్క దగ్గర ఆగుతోందో కొలుస్తా” అన్నవాడి వైపు ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు.

ముందు లెక్క సరిచూసుకోవాలి. ప్లాన్‌లో చెప్పేది బిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది బైట్లు. ఎనిమిదితో భాగిస్తే 80 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 10 ఎంబీ. మనవాడికి వస్తున్నది అందులో 3 శాతం కూడా లేదు.

తర్వాత, మిర్రర్ మార్చి చూడాలి. ప్రపంచమంతా ఒకే సర్వర్ మీద పడకుండా అవే ఫైళ్లకు నకళ్లు పెట్టి, చాలావరకు ఉచితంగా పంచేవే మిర్రర్లు. ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్ విభాగం ఒకటి నడుపుతోంది. మన హైదరాబాద్ ఐఎస్‌పీ ఎక్సెల్ మీడియా కూడా నడిపింది. తమ్ముడి ఫైలు వస్తున్నది విదేశీ మిర్రర్ నుంచి. పింగ్ కొడితే 200 మిల్లీసెకన్లు. దేశంలోని మిర్రర్‌కు కొడితే 35. స్పీడ్ టెస్ట్ దగ్గరి సర్వర్‌ను ఎంచుకుని ఒకేసారి చాలా కనెక్షన్లతో లాగుతుంది, మామూలు డౌన్‌లోడ్ మాత్రం దూరం నుంచి ఒక్క కనెక్షన్ మీద వస్తుంది. అందుకే ఆ 80కీ ఈ 280కీ పొంతన లేదు.

దూరం ఒక్కటే అయితే ఇంత దెబ్బ పడదు, దారిలో ప్యాకెట్లు కూడా పోతుండాలి. 1997లో మాథిస్, అతని సహచరులు ఇచ్చిన సూత్రంతో లెక్క కట్టండి: వెయ్యి ప్యాకెట్లలో ఒకటి పోతే, 200 మిల్లీసెకన్ల దూరంలో ఒక కనెక్షన్‌కు దక్కేది సెకనుకు దాదాపు 280 కేబీ. అదే నష్టం 20 మిల్లీసెకన్ల దూరంలో జరిగితే 2.8 ఎంబీ వస్తుంది. ఇప్పటి టీసీపీలు దీనికంటే కాస్త మెరుగే అయినా, దూరం, నష్టం కలిస్తే వేగం ఎలా పడిపోతుందో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయో ఎంటీఆర్ అనే టూల్ చూపిస్తుంది. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మధ్యలో ఒక రౌటర్ దగ్గర 60 శాతం నష్టం కనిపించగానే దొంగ దొరికాడనుకుంటారు. ఆ రౌటర్ మన పింగ్‌లకు జవాబివ్వడం తగ్గించి ఉండొచ్చు, అంతే. నష్టం అక్కడ మొదలై చివరి వరుసదాకా కొనసాగితేనే నమ్మండి.

కర్ల్ కమాండ్‌తో డౌన్‌లోడ్‌లోని ఒక్కో దశకు పట్టే సమయాన్ని విడగొట్టండి. పేరు వెతకడానికే ఆలస్యమైతే డీఎన్‌ఎస్‌ను చూడాలి. కనెక్షన్ వెంటనే కలిసి మొదటి బైట్ రావడానికి ఆలస్యమైతే సర్వర్ మీద బరువు ఉన్నట్టు. కనెక్షన్ కలవడానికే ఆలస్యమైతే దూరమో, పనిచేయని ఐపీవీ6 దారో. వైఫై మీద అనుమానముంటే లాన్ కేబుల్ పెట్టి మళ్లీ కొలవండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా సాధారణంగా వాడే చానెళ్లు 1, 6, 11. అశోక్‌నగర్ హాస్టల్లో వైఫై జాబితా తెరిస్తే ఎన్ని పేర్లు కనిపిస్తాయో మీకు తెలుసు.

ఒక వారం చేయండి. మూడు మిర్రర్లు, ఒకే ఫైలు, ఉదయం ఆరింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి. టైము, పింగ్, నష్టం, వేగం పట్టికగా రాసుకుని, మీ నిర్ధారణ కింద నాలుగు వాక్యాల్లో పెట్టి గిట్‌హబ్‌లో ఉంచండి. ఫ్రెషర్ రెజ్యూమెలో కోర్సు సర్టిఫికెట్ కంటే దీనికే నేను ఎక్కువ విలువిస్తాను. రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాయాలనుకునేవాళ్లకు ఇంకా మంచిది. అది జవాబులకు టిక్కులు పెట్టే పరీక్ష కాదు, మెషీన్ మీద చేసి చూపించాలి.

తమ్ముడి ఫైలు కొత్త మిర్రర్ నుంచి పదిహేడు నిమిషాల్లో దిగింది. షా256 చెక్‌సమ్ సరిపోల్చుకున్నాడు, కలిసింది. పడుకుంటాడనుకున్నాను. పాత మిర్రర్ తెల్లవారుజామున ఎంత ఇస్తుందో చూడాలని ఆరింటికి అలారం పెట్టుకుంటున్నాడు.