రేగడి నేలను గట్టిపరచుట: సున్నము, బూడిదల ఉపయోగము

వేసవిలో ధరూరు చుట్టుప్రక్కల నల్లరేగడి చేలలో నడచినవారికి ఆ నేల స్వభావమును వేరుగ చెప్పనక్కరలేదు. అరచేయి దూరునంత బీటలు పడియుండును. వానలు పడిన పిమ్మట ఆ బీటలే పూడుకొని, నేల పొంగి, బండిచక్రము దిగబడును. ప్రత్తికి, జొన్నకు, శనగకు ఈ నేల కన్నతల్లి. ఇంటి పునాదికి, బాటకు మాత్రము సవతితల్లి.

ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కట్టుకొన్న ఇంటి గోడ, రెండు వానకాలములు గడవకమునుపే ద్వారబంధము మూలనుండి ఏటవాలుగ పగులుటను మేము చూచితిమి. యజమాని మేస్త్రీని నిందించును. మేస్త్రీ సిమెంటును నిందించును. అడుగున నున్న నేలను ఎవరును తలపరు. జూరాల నీరు పారు చోట్ల ఈ సంగతి మరింత ముఖ్యము. కాలువప్రక్కన, వరిమడుల ప్రక్కన రేగడి ఏటికొకమారు కాక పలుమారులు తడిసి ఆరుచుండును.

రేగడిలోని బంకమట్టి రేణువులు కంటికి కానరాని పలుచని పొరల దొంతరలు. నీరు ఆ పొరల నడుమ జొరబడి వానిని ఎడముచేయును. ఎండినప్పుడవి మరల దగ్గరకు చేరును. కిరసనాయిలునకు మాత్రమీ శక్తి లేదు. కావుననే ఇంజనీర్లు ఒక తేలిక పరీక్ష చేయుదురు. సన్నగ జల్లించిన పొడిమట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలగాజులలో వేసి, ఒకదానిలో శుద్ధమైన నీరు, రెండవదానిలో కిరసనాయిలు పోసి, కలిపి, ఒక దినము కదలింపక ఉంచుదురు. కిరసనాయిలులో మట్టి 10 గీతలవరకు నిలిచి, నీటిలో 20 గీతలవరకు పెరిగినచో పొంగు నూటికి నూరు. ఏబది దాటినప్పుడే జాగ్రత్తపడవలెను. పాఠశాల ఉపాధ్యాయులు దీనిని పిల్లలకు చేసి చూపవచ్చును.

సున్నము కలిపినప్పుడు అందలి కాల్షియము రేణువులను పట్టుకొని, మట్టి నీరు త్రాగు గుణమును తగ్గించును. జిగట పోయి మట్టి పొడిపొడిగ నగును. బూడిద చేయు పని వేరు. బొగ్గు బూడిదలోను, మిల్లులలో కాలిన ఊక బూడిదలోను ఇసుకజాతి పదార్థము మిక్కిలి సన్నని రూపమున ఉండును. అది సున్నముతో, తడితో కూడి, రోజులు గడచినకొలది సిమెంటువలె బిగియును. సున్నము లేక బూడిద మాత్రమే పోసి తొక్కించినచో ఫలము స్వల్పము. మేము విన్న వైఫల్యములలో పెక్కింటికి కారణమిదియే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. గానుగ సున్నములో ఇటుకపొడి కలుపుట మన పెద్దలెరుగుదురు. హోస్పేటవద్ద 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్టను ప్రధానముగ ఇటువంటి సుర్కీ గారతోనే కట్టిరి. ప్రాచీన రోమనులు అగ్నిపర్వతపు బూడిదను సున్నముతో కలిపి వాడిరి.

ఇక సరుకు మాట. మనదేశపు బొగ్గులో నూటికి 30 మొదలు 40 పాళ్ళు బూడిదయే. ధరూరునకు పడమట, కృష్ణ ఒడ్డున శక్తినగరమందు రాయచూరు ఉష్ణవిద్యుత్కేంద్రము కలదు. ఊక బూడిదయైనచో బియ్యపు మిల్లులలో దొరకును. నల్లనిదానికంటె బూడిదవన్నెది మేలు. ఇంటి పొయ్యి బూడిదను వీనికి సమానమనుకొనరాదు. కాల్చిన కట్టెనుబట్టి దాని గుణము మారును.

పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదునైదు సెంటీమీటర్ల మందముగల బాటకు సుమారు ఆరుముప్పావు టన్నుల మట్టి పట్టును. నూటికి 4 పాళ్ళ చొప్పున 270 కిలోల సున్నము, 15 పాళ్ళ చొప్పున ఇంచుమించు ఒక టన్ను బూడిద కావలెను. ఇది మచ్చు లెక్క. సరియైన పాళ్ళను ఇంజనీరు మట్టిని పరీక్షించి నిర్ణయించవలెను. పంటనేల పైపొర మట్టిలో చీకినపదార్థ ముండును గనుక దానిని తీసివేయవలెను. గడ్డలు చిదిపి, ముందుగ విరిసిన సున్నము కలిపి, తడిపి, ఒక దినము మాగనిచ్చి, పిమ్మట బూడిద కలుపవలెను. పిడికిట పట్టిన మట్టి ముద్దకట్టి, చేతికి అంటకుండుట తగిన తడికి గురుతు. అప్పుడు రోలరుతో అణచవలెను.

ఇంటి పునాదికి ఈ మిశ్రమ మొక్కటే చాలునని మేము చెప్పుట లేదు. లోతైన రేగడిలో, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధిచేసిన, అడుగున గంటవలె వెడల్పైన కాంక్రీటు కంబములు మేలు. ఇంటిచుట్టు అరుగువలె పరచి, వాననీటిని పునాది దరికి రానీయకుండుటకు, పశువుల కొట్టపు నేలకు, ఊరి లోబాటకు మాత్రము ఇది చక్కగ ఉపకరించును.

పొడి బూడిద, సున్నము కండ్లలోను ఊపిరితిత్తులలోను పడరాదు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, గాలిలేని వేళ పని చేయవలెను. త్రాగునీటి బావుల దరి బూడిద కుప్పలు పోయరాదు. అణచిన పిమ్మట తడిగడ్డి కప్పి ఏడు దినములు ఆరనీయక కాపాడవలెను. ఆ దినములలో ట్రాక్టరును దానిపై పోనీయరాదు.