చొంగ కార్చే గేదె నోట్లో చెయ్యి పెట్టకండి

గేదె మేత మానేసి, నోట చొంగ కారుస్తూ, బొంగురు గొంతుతో అదే పనిగా అరుస్తోందా? గొంతులో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెట్టి చూడకండి. నెల కిందటో, మూణ్ణెల్ల కిందటో దాన్ని కుక్క కరిచిందేమో గుర్తు చేసుకోండి. అది రేబిస్ కావచ్చు. లక్షణాలు బయటపడ్డాక పశువును బతికించే మందు లేదు. వెంటనే పశువైద్యునికి కబురు చేయాలి. చొంగ తగిలినవారు ఆసుపత్రికి వెళ్లాలి. పాలు అమ్మకూడదు.

కరిచిన రోజే మేలుకుంటే ఇంత దూరం రాదు. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పావుగంట కడగాలి. పసుపు, సున్నం, కారం అద్దడం మన పల్లెల్లో మామూలే గాని వాటివల్ల పుండు రేగుతుందే తప్ప క్రిమి చావదు. కరిచిన రోజును సున్నాగా లెక్కవేసి పశువుకు 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు వేయించాలి. మనిషికైతే ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించుకోవాలి. రెండు సూదులు పడగానే పుండు మానిందని మూడోదానికి వెళ్లనివారు చాలామంది. ప్రమాదం అక్కడే ఉంది.

ఇక ఊరకుక్కల సంగతి. వట్లూరు దాటి కొల్లేరు వైపు వెళ్తే చేపల చెరువు గట్ల మీద గుంపులుగా కనిపిస్తాయి. చచ్చిన చేపలు, కోడి వ్యర్థాలు పడేసినచోట కుక్కలు చేరక ఏం చేస్తాయి? ముందు ఆ తిండి ఆగాలి.

విషం పెడితే పీడ పోతుందనుకోకండి. అది నేరం. పైగా ఖాళీ అయిన చోటికి టీకా పడని కొత్త కుక్కలు వస్తాయి. 2023 నిబంధనల ప్రకారం కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆపరేషను అయినదానికి గుర్తుగా చెవికి గంటు పెడతారు. ఊళ్లో నూటికి 70 కుక్కలకు టీకా పడితే వ్యాధి వ్యాప్తి ఆగుతుంది. గ్రామసభలో ఈ మాట అడగండి.

ఇంటి కుక్కపిల్లకు మూడో నెలలో, ఆపైన ఏటా టీకా వేయించండి. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం నాడు, పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

చనిపోయిన పశువును కాలవలో తోసేయకండి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.